కాగితాల్లో బంజరు... కళ్ళెదుట అడవి

ముప్ఫయ్యేళ్ళ కాపలాతో పచ్చబడిన కల్పవల్లి
పాత మానుల విలువ లెక్కకెక్కేదెన్నడు?

పెనుకొండ : ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే దారిలో ఎటు చూసినా గుట్టలే. చాలా గుట్టలకు రాయి తప్ప వేరే సంపద కనిపించదు. వానలు పడినప్పుడు నాలుగు రోజులు పచ్చగా వుండి, సంక్రాంతి దాటేసరికి మళ్ళీ ఎండుతాయి. ఈ ప్రాంతపు పిల్లలను గుట్ట బొమ్మ గీయమంటే బోడిగుండే గీస్తారు. గుట్ట అంటే బోడిగానే వుంటుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళ తండ్రులూ దాదాపు అదే చూశారు.

అయితే చెన్నేకొత్తపల్లి, రామగిరి, రొద్దం మండలాలు కలిసే చోట పరిస్థితి వేరుగా వుంది. ముష్టికోవిల, శ్యాపురం, కోగిర పల్లెల మధ్య పరచుకున్న గుట్టల మీద మోకాలెత్తు బోదగడ్డి వుంది. వంకల వెంట ఈతచెట్లు బారులు తీరి నిలబడ్డాయి. తంగేడు, బందారు పొదల మధ్య నుంచి చిగర, చండ్ర, బిల్లు, వేప మానులు తలలెత్తాయి. నెమళ్ళు అరుస్తాయి. చీకటి పడితే తోడేళ్ళు, ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే చోటు ఇది. దీని పేరు కల్పవల్లి. విస్తీర్ణం 7 వేల ఎకరాలకు పైమాటే.

ఈ పచ్చదనం సర్కారు నాటిన తోట కాదు. దీనికి ఇనుప కంచె కూడా లేదు. చుట్టుపక్కల పల్లెల జనం 1992 ప్రాంతం నుంచి వంతులు వేసుకుని కాపలా కాసి తిరిగి తెచ్చుకున్న అడవి ఇది. కానీ రెవెన్యూ రికార్డు తిరగేస్తే ఇక్కడ అడవి లేదు. అక్కడ వున్నది ప్రభుత్వ బంజరు. కాగితానికీ కంటికీ మధ్య వున్న ఈ తేడాయే ఇప్పుడు ఈ అడవికి పెద్ద గండంగా నిలిచింది.

అడవి ఎట్లా పోయింది?

పెనుకొండ విజయనగర రాజులకు రెండో రాజధాని. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత రాజ్యం ఇక్కడి నుంచే నడిచింది. ఆనాటి కోటగోడలు, గగన మహలు ఇంకా నిలిచే వున్నాయి. కోటకు అండగా వుండిన గుట్టల మీది అడవి మాత్రం చాలా చోట్ల నిలవలేదు.

అడవి ఒక్క ఏటిలో పోలేదు, ఒక్కరి చేతిలో పోలేదు. మద్రాసు రాజధానిలో రైళ్ళు నడవడం మొదలైన తొలి రోజుల్లో ఇంజన్లకు కట్టెలే ఆహారం. పట్టాల కింద వేసే దుంగలకు, బట్టీలకు, పట్నాల పొయ్యిలకు గట్టి మానులు ముందుగా పోయాయి. మద్రాసు అటవీశాఖ 1856లో ఏర్పడింది. ఆ శాఖ తొలి కన్సర్వేటరు హ్యూ క్లెగ్‌హార్న్ ఆనాడే రైళ్ళ కట్టెల గిరాకీ గురించి హెచ్చరిక చేశాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొన్ని గుట్టలను రిజర్వు అడవి కిందికి తెచ్చి కాపలా పెట్టారు. మిగిలిన గుట్టలు రెవెన్యూ కింద వుండిపోయాయి. వాటికి శిస్తు లేదు కాబట్టి బంజరు అని రాశారు. అందరిదీ అంటే ఎవరిదీ కానట్టే అయింది.

ఆ తర్వాత వేరుశనగ వచ్చింది. దున్నడానికి వీలైన మెట్టు ప్రతిదీ చేను అయింది. మేపు నేల తగ్గింది, జీవాలు తగ్గలేదు. మేకలూ గొర్రెలూ అన్నీ గుట్టకే ఎక్కాయి. కట్టెల మోపు అమ్ముకుని బతికే కుటుంబాలు కరువు ఏళ్ళలో ఇంకా పెరిగాయి. వేసవిలో కొత్తగడ్డి మొలవాలని కొందరు, నిప్పు పెడితే వాన వస్తుందన్న నమ్మకంతో మరికొందరు గుట్టలను తగలబెట్టారు. చివరకు మొద్దులూ వేర్లూ మాత్రం మట్టిలో మిగిలాయి.

గుట్ట బోడిగా మారితే ఏమవుతుందో కింద వున్న చెరువును అడిగితే తెలుస్తుంది. వాన పడితే నీరు ఒక్క ఉరుకున దిగుతుంది. దాంతోపాటు మన్ను దిగుతుంది. చెరువులో నీటికి బదులు పూడు నిండుతుంది. చెరువు పూడిన వూళ్ళో ఆయకట్టు బీడు అవుతుంది. అప్పుడు బోరు వేస్తారు. బోరు ఎండితే బెంగుళూరు బస్సెక్కుతారు. ఈ మూడు తాలూకాల్లో వలస కథ చాలావరకు గుట్ట మీదే మొదలైందని గుర్తించిన వారు తక్కువ.

తిరిగి వచ్చిన తీరు

1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మరికొందరు మిత్రులు కలిసి 32 ఎకరాల బీడు కొన్నారు. అక్కడ టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ పెట్టారు. ఆ బీడులో నిప్పునూ గొడ్డలినీ రానివ్వకుండా చూస్తే, నాటకుండానే చెట్లు లేచాయి. ఆ అనుభవంతో ముష్టికోవిల గ్రామస్థులతో మాట్లాడి పక్కనే వున్న గుట్టల మీద కాపలా మొదలుపెట్టారు. తర్వాత పక్క పల్లెలూ చేరాయి. ఇప్పుడు ఈ పని కల్పవల్లి పేరుతోనే చెట్ల పెంపకందారుల పరస్పర సహాయ సహకార సంఘం చేతిలో వుంది.

ఇందులో పెద్ద మంత్రమేమీ లేదు. పల్లెకు కాపలాదార్లు వున్నారు. పచ్చి చెట్టు మీద గొడ్డలి వేయరాదు. వేసవి రాకముందే గడ్డి కోసి, చెక్కి, అగ్గి దాటకుండా బాటలు తీస్తారు. ఎక్కడ పొగ లేచినా ఆకుమండలు పట్టుకుని పరుగెత్తుతారు. జీవాలు మేపుకోవచ్చు, ఎండు పుల్లలు ఏరుకోవచ్చు. గడ్డి కోసుకోవచ్చు, పండ్లు కోసుకోవచ్చు. జనాన్ని బయటికి నెట్టి అడవిని కాపాడలేదు. జనానికి అడవిలో పని పెట్టి కాపాడారు.

ముందు గడ్డి వచ్చింది. గడ్డి వచ్చాక మన్ను నిలిచింది. మన్ను నిలిచాక తంగేడు, బందారు వచ్చాయి. వాటి నీడలో, మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోయిన పాత మొద్దులు చిగుళ్ళు వేశాయి. పక్షులూ జంతువులూ రేగు, ఈత, బలుసు గింజలు మోసుకొచ్చాయి. వంకలో తేమ నిలిచిన చోట ఈతవనం లేచింది. ఈ ఈత చెట్టే పల్లెకు కామధేనువు అయింది. ఈత ఆకుతో చీపుర్లు, చాపలు, బుట్టలు అల్లి ఆడవాళ్ళు నాలుగు రూపాయలు కళ్ళచూస్తున్నారు. కల్లుగీతకూ అదే ఆధారం. బోదగడ్డి కొట్టాలకు కప్పుగా పోతుంది. సీతాఫలాల కాలంలో గంపలు సంతకు వస్తాయి. చుట్టుపక్కల పల్లెల గొర్రెల మందలకు కరువు రోజుల్లో ఇదే దిక్కు.

ఒక్క లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే ఎకరా గుట్ట మీద ఏడాదిలో పడే నీరు 22 లక్షల లీటర్లు. 7 వేల ఎకరాల మీద పడేది అర టీఎంసీకి పైగా. అంతా భూమిలోకి ఇంకదు, ఇంకిందంతా బావికి చేరదు. అయినా అందులో ఎంత భాగం నిలుస్తుంది, ఎంత భాగం బురదై పోతుంది అన్నది గుట్ట మీది గడ్డి, చెట్టు తేల్చే విషయం. పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరు నిండితే దాదాపు 1.9 టీఎంసీలు. ఆ నీటిని శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ ద్వారా మెట్టు మెట్టుకూ పంపులు పెట్టి ఎత్తి తేవాలి. గుట్ట మీద పడే వానకు పంపు అక్కరలేదు, కరెంటు బిల్లు లేదు.

ముప్ఫయ్యేళ్ళది పాత అడవేనా?

కల్పవల్లి మంచి అడవే. కానీ పాత అడవి కాదు. ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

పాత అడవి అంటే ముసలి చెట్ల గుంపు మాత్రమే కాదు. అందులో మొలక వుంటుంది, పడుచు మాను వుంటుంది, నూరేళ్ళ మాను వుంటుంది. చచ్చి నిలబడిన మోడు వుంటుంది, పడిపోయి కుళ్ళుతున్న దుంగ వుంటుంది. ఈ అన్నింటికీ పని వుంది. ముసలి మానుకు తొర్రలు పడతాయి. ఆ తొర్రల్లోనే చిలుక, గోరింక, పైడికంటె గుడ్లు పెడతాయి. పడిపోయిన దుంగకు చెదలు పడతాయి. ఆ చెదలే ఎలుగుబంటికి మేత. ఆ ఎలుగే రేగు, నేరేడు, రేల పండ్లు తిని గింజలను కొత్త చోట వేస్తుంది. పొలం గట్టున గోరింకకూ పైడికంటెకూ ఇల్లు లేకపోతే ఎలుకలూ పురుగులూ ఎవరి పంట తింటాయో రైతుకు చెప్పనక్కరలేదు.

మన గుట్టల్లో మాను నిదానంగా పెరుగుతుంది. మలెనాడులో, కోస్తాలో పెరిగినట్టు ఇక్కడ పెరగదు. నారయేపి చెట్టు దీనికి మంచి ఉదాహరణ. అనంతపురం, కడప ప్రాంతాల ఎండు అడవులకు ఇది పేరున్న మాను. మొలిచిన కొత్తలో పైకి పెరగదు. ఏళ్ళ తరబడి వేరే కిందికి దించుకుంటుంది. బండ పగుళ్ళలో తేమ అందిన తర్వాతే తల ఎత్తుతుంది. దీని బెరడు నుంచి నార తీస్తారు, ఆకు జీవాలకు ఇష్టమైన మేత. దీని చేవ మన దేశపు గట్టి కలపల్లో ఒకటి. అంత చేవ ఏటికేడూ సన్నగా చేరిందే. నరకడానికి ఒక పూట చాలు. తిరిగి అదే చేవ రావాలంటే మనుమడి కాలం దాటాలి.

అందుకే ఒక అడవి కొట్టి, మరో చోట పదిలక్షల మొక్కలు నాటుతామంటే లెక్క సరిపోదు. నాటిన మొక్కకు తొర్ర వుండదు. దాని కింద వందేళ్ళ ఆకుమన్ను వుండదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో అడవులు 406 కోట్ల హెక్టార్లు. అందులో మనిషి చేయి పడని ఆది అడవులు 111 కోట్ల హెక్టార్లు మాత్రమే. నాలుగింట ఒక వంతు కంటే కొంచెం ఎక్కువ. మిగిలినది కొట్టిందో, మళ్ళీ పెరిగిందో, నాటిందో. బొగ్గుపులుసు గాలిని పట్టి వుంచడంలో పెద్ద మానుల పాలే ఎక్కువని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

పాత మానులున్న చోట

ఈ ప్రాంతంలో పాత అడవి లేకపోయినా, పాత మానుల విలువ తెలిసిన వూళ్ళు లేకపోలేదు. హిందూపురానికి దగ్గరగా చిలమత్తూరు మండలంలో వీరాపురం వుంది. ఆ వూళ్ళో పెద్ద పెద్ద చింతమానులున్నాయి. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఆ మానుల మీద గూళ్ళు కట్టుకుంటాయి. పిల్లలను చేసి, అవి ఎగరడం నేర్చాక వానాకాలంలో వెళ్ళిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని ప్రచారం వుంది గాని అది నిజం కాదు. ఇవి మన దేశపు పక్షులే. నీళ్ళనూ చేపలనూ వెతుక్కుంటూ ఒక చోటి నుంచి మరో చోటికి పోతాయి.

హిందూపురం చింతపండు మార్కెట్టు రాష్ట్రంలోనే పేరున్నది. చింతమాను అంటే రైతుకు డబ్బు. అయినా వీరాపురం జనం కొంగలున్న మానులను కదపరు, రాళ్ళు వేయరు. కొంగలు వస్తే వానలు బాగా పడతాయని నమ్మకం. ఆ రెట్టల వాసననూ, చేపముళ్ళనూ ఇంటి ముందు భరిస్తారు. చట్టం చదివి చేసిన పని కాదిది. బిడ్డలతో వచ్చిన చుట్టాన్ని తరమరాదన్న మర్యాద. కొత్తగా నాటిన చింతమొక్క మీద కొంగ గూడు కట్టదు. పది పదిహేను గూళ్ళు మోసే కొమ్మ కావాలంటే తాతలనాటి మాను కావాలి.

కదిరికి ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలో గూటిబయలు దగ్గర వున్న తిమ్మమ్మ మర్రిమాను సంగతి తెలియనిది ఎవరికి? ఒక్క మాను దాదాపు 5 ఎకరాల నేలను కప్పింది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. పదిహేనో శతాబ్దంలో భర్త చితిపై సహగమనం చేసిన తిమ్మమ్మ పేరున పూజలు అందుకుంటోంది. సంతానం లేనివారు అక్కడ మొక్కుకుంటారు. గుడి వుంది కాబట్టి గొడ్డలి పడలేదు. దేవుడి పేరు లేని మానుకు ఈ రక్షణ లేదు. కల్పవల్లి మీద ఏ దేవతా వెలవలేదు. దానికున్నది కాపలాదారు ఒక్కడే.

గాలిమరలు వచ్చిన నాడు

రామగిరి గుట్టల మీద గాలి బలంగా వీస్తుందని 1990 దశకం నుంచే తెలుసు. అప్పుడే అక్కడ గాలిమరలు లేచాయి. తర్వాత 2011, 2012 సంవత్సరాల ప్రాంతంలో కల్పవల్లి గుట్టల మీదికి కూడా గాలిమరలు వచ్చాయి. నల్లకొండ పేరుతో వచ్చిన ఈ పథకం సామర్థ్యం 50.4 మెగావాట్లు.

కరెంటు కావాలి. బొగ్గు కాల్చి చేసే కరెంటు కంటే గాలి కరెంటు మంచిదన్న మాటకూ ఎదురు లేదు. చిక్కు వచ్చింది మరతో కాదు, దారితో. గాలిమర రెక్క పొడవు చాలా పెద్దది. దాన్ని మోసే లారీ గుట్ట ఎక్కాలంటే వెడల్పాటి రోడ్డు కావాలి. శిఖరాల వెంట గుట్టను చెక్కి రోడ్లు వేశారు. తవ్విన మన్నూ రాయీ వాలు మీదికి దొర్లించారు. ఇరవై ఏళ్ళు గడ్డి పట్టి వుంచిన మన్ను వానకు కిందికి దిగింది. వంకలు పూడాయని, మేపు నేల తగ్గిందని, గొర్రెల దారులు తెగాయని పల్లెలవారు మొత్తుకున్నారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, వాతావరణాన్ని కాపాడటానికని వచ్చిన పథకం అదే పని ఉచితంగా చేస్తున్న అడవిని చీల్చింది.

ఇందులో చట్టాన్ని దాటిన మాట కంటే చట్టంలోని ఖాళీ పెద్దది. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్తు లేదు. కాబట్టి ముందుగా పర్యావరణ పరిశీలన అవసరం లేకపోయింది. రికార్డులో అడవి కాదు కాబట్టి అటవీ అనుమతి ప్రశ్నే రాలేదు. బంజరు నేల కేటాయింపుకు కావలసింది రెవెన్యూ సంతకమే. 2013లో ఈ వ్యవహారం చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. అదే ఏడు ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ గాలి విద్యుత్తుకు కూడా పర్యావరణ నియమాలు వుండాలని సూచిస్తూ కల్పవల్లిని ఉదాహరణగా చూపింది. ముష్టికోవిల గుట్టల పేరు అట్లా దేశ రాజధానిలో వినిపించింది. మన తాలూకా రికార్డులో మాత్రం ఒక్క అక్షరమూ మారలేదు.

అడవి అంటే ఏది?

దీనికి సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, రికార్డులో ఏమి రాసి వున్నా, ఎవరి ఆధీనంలో వున్నా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవే. అట్లాంటి చోట్లను గుర్తించమని రాష్ట్రాలను ఆదేశించింది. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి సవరణ వచ్చింది. రికార్డుల్లో అడవిగా రాసి వున్న నేలకే చట్టం వర్తించేటట్టు పరిధి తగ్గింది. దానిమీద వ్యాజ్యాలు పడగా, 1996 నాటి అర్థమే అప్పటికి కొనసాగాలని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంటే బంజరు అని రాసి వున్న అడవుల భవిష్యత్తు గుర్తింపు జాబితాల మీద ఆధారపడి వుంది.

మన పక్క చిక్కు ఇంకొకటి వుంది. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ పని మొదలైంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. బెంగుళూరు, హైదరాబాదు రహదారి పక్కన నేల ధర పెరిగింది. ఉపాధి దొరికిన కుటుంబాలు సంతోషిస్తున్నాయి, అది మంచిదే. అయితే కొత్త పరిశ్రమకు, సోలారుకు, గాలిమరకు చోటు వెతికే వారి కన్ను మొదట పడేది ప్రభుత్వ బంజరు మీదే. పట్టా భూమి అయితే రైతుకు నష్టపరిహారం ఇవ్వాలి. బంజరుకు ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు. ముప్ఫయ్యేళ్ళు కాపలా కాసిన పల్లెకు కూడా!

కల్పవల్లి పక్కనే రామగిరి బంగారు గనులు వుండేవి. అవి మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. గనిలో బంగారం తవ్వితే తరుగుతుంది. అడవి అట్లా కాదు. గడ్డి కోస్తే మళ్ళీ వస్తుంది, ఈతాకు కోస్తే మళ్ళీ వేస్తుంది, పండు కోస్తే మళ్ళీ కాస్తుంది. ఈ సంగతి తెలిసిన ప్రాంతంలో, గనికి సర్వే పటం వుండి అడవికి పటం లేకపోవడం విచిత్రం.

చేయవలసినది

కోట్ల రూపాయల పథకం ఏదీ అక్కరలేదు. ముందుగా కల్పవల్లి వంటి చోట్లను రెవెన్యూ, అటవీ శాఖలు కలిసి సర్వే చేసి, సుప్రీంకోర్టు చెప్పిన అర్థంలో అడవి జాబితాలో చేర్చాలి. 2002 నాటి జీవ వైవిధ్య చట్టంలోని 37వ సెక్షను కింద, స్థానిక సంస్థలతో సంప్రదించి జీవ వైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి వుంది. అట్లా ప్రకటించినా గొర్రెలను, ఈతాకు కోసే ఆడవాళ్ళను బయటికి తరమరాదు. వాళ్ళు లేకపోతే మంట చూసేవాడు వుండడు. వేసవి ముందు అగ్గిబాటలు తీసే పనిని ఉపాధి హామీ కింద చేయించవచ్చు. కొత్తగా గాలిమరలు పెట్టవలసి వస్తే రోడ్డు ఎక్కడ వేస్తారు, తవ్విన మన్ను ఎక్కడ పోస్తారు అన్నది ముందుగా గ్రామసభలో చెప్పాలి.

రెండో పని పల్లెలదే. ప్రతి వూళ్ళో ఒకటో రెండో పాత మానులు వున్నాయి. రచ్చకట్ట రావి, చెరువుకట్ట మర్రి, గుడి వెనుక చింత. రోడ్డు వెడల్పు పేరుతో అవి ఒక్కొక్కటిగా పోతున్నాయి. పంచాయతీలు వాటి లెక్క రాసి పెట్టుకుంటే, కొట్టడానికి వచ్చినవాడు కనీసం అడిగి కొడతాడు. వీరాపురం చింతల మీద ఒకరి పట్టా హక్కు, అందరి బాధ్యత రెండూ నిలిచాయి. మిగిలిన వూళ్ళకు ఇది సాధ్యం కానిది కాదు.

కొడుకు పుట్టిన ఏడు కాపలా మొదలుపెట్టిన ముష్టికోవిల రైతుకు ఇప్పుడు మనుమడు వుండే వయసు వచ్చింది. ఆ మనుమడిని గుట్ట బొమ్మ గీయమంటే చెట్లతో గీస్తాడు. కల్పవల్లి ముప్ఫయ్యేళ్ళలో సాధించిన పెద్ద విజయం బహుశా ఇదే. అయితే ఈ అడవికి ఇంకా తొర్ర పడాలి, చేవ ముదరాలి. అది పాత అడవి కావాలంటే మరో రెండు మూడు తరాలు కాయాలి. అన్నేళ్ళ ఆయుష్షు కావలసిన దానిని ఒక గుమాస్తా రాసిన 'బంజరు' అనే మూడక్షరాల మీద వదిలివేయడం న్యాయం కాదు.

ఎవరికీ ఉపయోగపడని దాన్ని అడవి గాచిన వెన్నెల అంటాము. ఆ మాట పుట్టిన రోజుల్లో అడవికి కొదువ లేదు. ఇప్పుడు వెన్నెలకు కొదువ లేదు, అడవికే కొదువ. ఆ సంగతి రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని గుట్ట ఎక్కే కాపలాదారుకు తెలుసు. కచేరీల్లో రికార్డు పట్టుకుని కూర్చున్నవారికి ఎప్పుడు తెలుస్తుందని పల్లెలు ఎదురుచూస్తున్నాయి.